"బిలవెడ్"లో సెథా తనను తాను క్షమించుకుందా? బానిసత్వం మీద వచ్చిన నవలల్లో తప్పు, దుఃఖం

కాగితప్పడవ

మనలో చాలామందికి అమెరికా బానిసత్వం సహవాసి గారి తెలుగులో "ఏడు తరాలు" ద్వారానే తెలుసు. అందులో దుఃఖానికి కొదవ లేదు గానీ తప్పు మొత్తం అవతలి ఒడ్డునే ఉంటుంది. కుంటా కింటె పాదం నరికింది ఎవరో, కూతుర్ని అమ్మింది ఎవరో మనకి స్పష్టంగా తెలుసు. కోపం ఎటు తిప్పాలో కూడా తెలుసు.

టోనీ మారిసన్ "బిలవెడ్" (1987) దగ్గరికి వచ్చేసరికి అలా కుదరదు. రంపం పట్టుకున్నది తల్లి, సెథా. చచ్చిపోయింది ఇంకా రెండేళ్ళు నిండని ఆమె కూతురు. బానిసగా వెనక్కి పోనివ్వకూడదని చంపింది. 18 ఏళ్ళ తర్వాత ఆ కూతురు వయసొచ్చిన పిల్లగా, బిలవెడ్ అన్న పేరుతో ఇంటికి తిరిగొస్తుంది.

రెండు ప్రశ్నలు. చివరికి సెథా తనను తాను క్షమించుకుందని చెప్పగలమా? పాఠకుడు ఆమెను తేలిగ్గా వదిలెయ్యకుండా, తేలిగ్గా తిట్టకుండా ఆపడానికి రచయిత్రి వాడిన పద్ధతి ఏమిటి? కథ బయటపడుతుందన్న మొహమాటం వద్దు, వివరంగా రాయండి.

నల్లసిరా

రెండోదాంతో మొదలుపెడతాను. మొదటిదానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

నవల మూడు భాగాలు. అధ్యాయాలకు అంకెలు లేవు కానీ లెక్కపెడితే 28: మొదటి భాగంలో 18, రెండోదాంట్లో 7, మూడోదాంట్లో 3. సెథా పారిపోయి వచ్చాక స్వేచ్ఛగా బతికింది కూడా 28 రోజులే. హత్య కనబడేది పదహారో అధ్యాయంలో. అలాగని దాన్ని రహస్యంగా దాచి చివర్లో బయటపెట్టలేదు. పాప గొంతు తెగి చనిపోయిందని మొదటి పేజీల్లోనే తెలిసిపోతుంది. ఎవరు, ఎందుకు అన్నదే ఆలస్యం చేసింది.

ఆ సంఘటనను మూడుసార్లు చెప్పిస్తుంది, ముగ్గురి వైపు నుంచి. అసలు కిటుకు ఆ వరసలో ఉంది.

మొదట గుర్రాల మీద వచ్చిన నలుగురి వైపు నుంచి: స్కూల్‌టీచర్ అని పిలవబడే యజమాని, అతని మేనల్లుడు, బానిసల్ని పట్టేవాడు, షెరీఫ్. కొట్టంలో రక్తం చూసి స్కూల్‌టీచర్ వేసుకునే లెక్క ఒక్కటే, ఇక్కడ ఇక తీసుకెళ్ళడానికి పనికొచ్చేది ఏమీ మిగల్లేదని. పశువును అతిగా కొడితే చెడిపోయినట్టు మేనల్లుడు దీన్ని కొట్టి పాడుచేశాడని విసుక్కుంటాడు. నవల మొత్తంలో అత్యంత ఘోరమైన పని అత్యంత చల్లని గొంతులో వస్తుంది.

రెండోసారి స్టాంప్ పెయిడ్ అనే ఊరి పెద్దాయన జేబులో దాచుకున్న పాత పేపరు ముక్క. అది చూపించింది పాల్ డికి, ఒకప్పుడు సెథాతో పాటు బానిసగా ఉండి ఇప్పుడు ఆమె దగ్గరికి చేరినవాడికి. అతనికి చదవడం రాదు. బొమ్మ చూసి, ఈ నోరు ఆమెది కాదు అంటూనే ఉంటాడు. అంటే రెండోసారి మనకు దొరికేది నమ్మలేకపోవడం.

మూడోసారి సెథాయే చెబుతుంది. వంటగదిలో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పాల్ డి చుట్టూ, విషయం చుట్టూ. సూటిగా దాని దగ్గరికి ఎప్పటికీ చేరదు.

ఈ వరస తిరగెయ్యండి. సెథా ముందు చెబితే అది కోర్టులో విన్నపం అవుతుంది, మనం జడ్జీ కుర్చీలో కూర్చుంటాం. స్కూల్‌టీచర్ చూపు ముందు పడేసరికి ఆ కుర్చీలో ముందే ఎవడు కూర్చున్నాడో తెలిసిపోయి, మనం అందులోకి వెళ్ళడానికి సిగ్గుపడతాం.

చట్టుబండలు

పై పోస్టుకి చట్టం వైపు నుంచి ఒక అనుబంధం. ఇది తెలియకపోతే సెథా తప్పు బరువు సరిగ్గా అందదు.

వెనకున్న అసలు కేసు మార్గరెట్ గార్నర్‌ది. 1856 జనవరి చివర్లో, ఒహైయో నది గడ్డకట్టిన రాత్రి, కెంటకీలోని బూన్ కౌంటీ నుంచి 17 మంది మంచు మీదుగా దాటి సిన్సినాటి వైపు వచ్చారు. అందులో 9 మంది తప్పించుకుని కెనడా చేరారు. గార్నర్ కుటుంబం తలదాచుకున్న ఇంటిని చుట్టుముట్టగానే మార్గరెట్ తన రెండేళ్ళ కూతురి గొంతు కత్తితో కోసింది. మిగతా పిల్లల్ని కూడా చంపబోతుండగా పట్టుకున్నారు.

ఆ తర్వాత నడిచిన వాదం చూడండి. ఒహైయో రాష్ట్రం తరఫున హత్యానేరం కింద విచారించండి అన్నది ఆమెను కాపాడాలనుకున్న వాళ్ళు! ఎందుకంటే హత్య చెయ్యగలిగేది మనిషే. హంతకురాలని తేలితే మనిషని ఒప్పుకున్నట్టు, పైగా ఒహైయోలోనే ఉండిపోతుంది. యజమాని వాదన: 1850 నాటి పరారీ బానిసల చట్టం ప్రకారం ఆమె నా ఆస్తి, నాకు అప్పగించండి. ఆ చట్టంలో కమిషనర్‌కి ఇచ్చే ఫీజు కూడా రాసిపెట్టారు. బానిసని తేల్చి అప్పగిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5. కాగితం పని ఎక్కువ కాబట్టి అని సమర్థింపు. ఏది గెలిచిందో చెప్పక్కర్లేదు. ఆమెను కెంటకీకి పంపేశారు, అక్కణ్ణుంచి కిందికి, దక్షిణాదికి. దారిలో స్టీమర్ ప్రమాదంలో చంటిపిల్ల నీళ్ళలో పోయింది. 1858లో మిసిసిపీలో టైఫాయిడ్‌తో మార్గరెట్ చనిపోయింది.

అంటే ఆమెకు తప్పు చేసే హక్కు కూడా చట్టం ఇవ్వలేదు. శిక్ష పడి, అనుభవించి, బయటికొచ్చి "అయిపోయింది" అనుకునే దారి మూసేశారు. మారిసన్ నవలలో సెథాను జైలుకి పంపి, బయటికి తీసుకొచ్చి, వంటమనిషిగా పనిలో పెట్టి, 18 ఏళ్ళు అదే ఇంట్లో ఉంచింది. చరిత్ర ఇవ్వని ఆ మిగులు కాలంలోనే నవల నడుస్తుంది. మారిసన్ రాండమ్ హౌస్‌లో ఎడిటర్‌గా "ది బ్లాక్ బుక్" (1974) పని చూస్తున్నప్పుడు ఈ కేసు పేపరు ముక్క తగిలింది. ఆ తర్వాత వివరాల కోసం మరీ తవ్వలేదని, పాత్ర తనదిగా ఉండాలనుకున్నానని ఆవిడే చెప్పింది. కత్తి రంపం కావడం, చలికాలపు పరారీ వేసవికి మారడం అందుకే.

గట్టుమీదకొంగ

బాగుంది కానీ ఒక చిరాకు. చట్టం చెడ్డది, యజమాని చెడ్డవాడు, కాబట్టి తల్లి నిర్దోషి. చివరికి ఇదేగా? అలాగైతే 300 పేజీల దయ్యం దేనికి?

నల్లసిరా

కొంగ గారూ, నవల ఆ తీర్పు ఇవ్వదు. నలుగురు నాలుగు రకాలుగా ఆగిపోతారు. అత్తగారు బేబీ సగ్స్ ఆమె చేసింది ఒప్పనీ అనలేదు, తప్పనీ అనలేదు. అందరికీ ప్రసంగాలు చేసిన మనిషి మంచమెక్కి, రంగుల గురించి తప్ప ఇంకేమీ ఆలోచించడం మానేసింది. పాల్ డి "నీకున్నవి రెండు కాళ్ళు, నాలుగు కాదు" అని వెళ్ళిపోతాడు. తెలిసో తెలియకో స్కూల్‌టీచర్ మాటే మాట్లాడాడు. ఊళ్ళోవాళ్ళు ఆ గడప తొక్కడం మానేశారు. సెథా మాత్రం "ఆపాను కదా" అంటుంది. పిల్లలు స్వీట్ హోమ్‌లో, తాను బానిసగా ఉండి పారిపోయిన ఆ తోటలో లేరు కదా అని.

ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. పాల్ డి ముందు సెథా గొంతులో పశ్చాత్తాపం లేదు, సమర్థన ఉంది. దయ్యం కూతురని గుర్తుపట్టాకే సంజాయిషీ మొదలవుతుంది. ఆమెను అడిగే హక్కు చనిపోయిన పిల్ల ఒక్కదానికే ఉందని మారిసన్ ఇంటర్వ్యూల్లో అన్న మాటకు రూపం అదే. అడిగే హక్కున్న మనిషి బతికి లేదు కాబట్టి, నవల ఆమెను లేపి తీసుకొచ్చింది. దయ్యం దేనికంటే అందుకు.

కుంపటి

సంజాయిషీ దగ్గరే నా పోస్టు. మూడో భాగం మొదట్లో మారిసన్ అపరాధభావాన్ని మాటల్లో కాక సరుకుల్లో చూపిస్తుంది. కొత్తగా రాసేవాళ్ళు గీతలు గీసుకుని చదవాల్సిన పేజీలు అవి.

సెథా హోటల్ వంట పనికి ఆలస్యంగా వెళ్ళి ఉద్యోగం పోగొట్టుకుంటుంది. జీవితమంతా కూడబెట్టిన 38 డాలర్లు రిబ్బన్లకీ, బట్టలకీ, తీపి పదార్థాలకీ ఖర్చవుతాయి. ఇంట్లో తిండి తగ్గుతున్నకొద్దీ బిలవెడ్ లావెక్కుతుంది, సెథా చిక్కిపోతుంది. బిలవెడ్ నిందిస్తుంది, సెథా వివరిస్తుంది. ఎంత వివరిస్తే అంత నింద. సెథా ఇంకో కూతురు డెన్వర్ ఓ మూల నుంచి చూసి గ్రహించేది ఏమిటంటే, తల్లి నిజానికి క్షమాపణ దొరకాలని కోరుకోవడం లేదు. దొరికితే ఆ పిల్ల వెళ్ళిపోతుంది కదా.

మానసిక వైద్యుల పుస్తకాల్లో "బాధితుణ్ణి క్షమాపణ అడగండి, మనసు తేలికవుతుంది" అని ఉంటుంది. ఈ నవల ఆ సలహాను అక్షరాలా పాటించి చూపించింది. ఫలితం ఆకలి.

బయటికి దారి తీసేది డెన్వర్. ఏళ్ళ తరబడి గడప దాటని పిల్ల, చిన్నప్పుడు చదువు చెప్పిన లేడీ జోన్స్ ఇంటికి వెళ్ళి పని అడుగుతుంది. ఆ తర్వాత పెరట్లో చెట్టు మొద్దు దగ్గర తిండి కనబడుతుంది: బియ్యం, గుడ్లు, బీన్సు, ఏదో ఒకటి గిన్నెలో. కొన్నిటి మీద పంపినవాళ్ళ పేరు రాసి ఉంటుంది, గిన్నె తిరిగి రావాలిగా. డెన్వర్ గిన్నెలు ఇచ్చెయ్యడానికి ఒక్కో ఇంటికి వెళ్తుంది, ఒక్కో మాట కలుస్తుంది. తెగిపోయిన రాకపోకలు గిన్నెల వంకతో మొదలవుతాయి. ఎవరూ ఎవరినీ క్షమించమని అడగరు.

మూడోఅంకం

కుంపటి గారు ఆపిన చోటి నుంచి.

ఆ తిండి దానం కాదు, బాకీ. ఎందుకంటే 18 ఏళ్ళ కిందట ఊరు చేసిన తప్పు ఒకటుంది. స్టాంప్ పెయిడ్ ఏరుకొచ్చిన రెండు బకెట్ల బ్లాక్‌బెర్రీలతో మొదలైన వంట పెరిగి పెరిగి 90 మంది తిన్న విందైంది. మర్నాటికి ఆ తిన్నవాళ్ళకే బేబీ సగ్స్ మీద కడుపుమంట. అంత సమృద్ధి ఆమెకేమిటని. ఆ మంటతోనే, గుర్రాలు వస్తుంటే ఎవరూ కబురు పంపలేదు. ఒక్క పిల్లాణ్ణి పరిగెత్తించినా సరిపోయేది. అందుకని హత్యలో వాటా స్కూల్‌టీచర్‌ది, సెథాది, ఊరిది.

చివర్లో పాట పాడుతూ వచ్చేది 30 మంది ఆడవాళ్ళు. వాళ్ళను నడిపించేది ఎల్లా. ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదు. తనను ఏడాదికి పైగా గదిలో బంధించి పాడుచేసిన తండ్రీకొడుకుల వల్ల పుట్టిన బిడ్డకు ఎల్లా పాలివ్వలేదు. ఆ బిడ్డ 5 రోజులు బతికింది. సెథాను అందరికన్నా గట్టిగా వెలేసిందీ ఎల్లాయే, కదిలిందీ ఎల్లాయే. సెథా చేసింది ఆమెకు ఇప్పటికీ నచ్చదు. కానీ చచ్చినవాళ్ళు తిరిగొచ్చి బతికున్నవాళ్ళను కొట్టడం అంతకన్నా నచ్చదు, తన పాప కూడా అలా వస్తే ఎలా అన్న భయం ఉంది కాబట్టి. చదువుతుంటే జాలి కాదు, ఆచరణజ్ఞానం కనబడుతుంది ఆ మనిషిలో.

సరిగ్గా అప్పుడే బాడ్విన్ బండిలో వస్తాడు. సెథాకు మళ్ళీ అదే టోపీ, అదే గుర్రం. ఈసారి చేతిలో ఐసు పగలగొట్టే సూదికత్తి. పిల్లల మీదికి కాదు, వచ్చినవాడి మీదికి పరిగెడుతుంది. పాత సీను మళ్ళీ వేసి, ఆయుధం దిశ మార్చారు. నవలలో విడుదల అంటూ ఉంటే అదే. మనిషి తప్పు కావచ్చు, బాడ్విన్ బానిసత్వానికి వ్యతిరేకి, ఆ ఇల్లు అద్దెకిచ్చినవాడు. అయితే అతని ఇంట్లో అరమీద ఒక బొమ్మ ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చున్న నల్లపిల్లాడు, నోరు నిండా చిల్లర నాణేలు. మారిసన్ ఎవర్నీ ఊరికే వదలదు.

గట్టుమీదకొంగ

ఎల్లా గురించి చెప్పింది బలంగా ఉంది. అయితే కాగితప్పడవ గారి మొదటి ప్రశ్న ఇంకా అలాగే ఉంది. క్షమించుకుందా లేదా?

నల్లసిరా

లేదు. ఆ అంచు దాకా తీసుకెళ్ళి నవల ఆగింది. సెథా బేబీ సగ్స్ మంచం మీదే పడుకుని ఉంటుంది, అత్తగారిలాగే పోవడానికి సిద్ధపడి. పాల్ డి వచ్చి స్నానం చేయిస్తానంటాడు. ఆమె మనసులో వచ్చే ఆలోచన, భాగాలు భాగాలుగా కడుగుతాడా అని. పారిపోయి వచ్చిన రాత్రి బేబీ సగ్స్ ఆమెను అలాగే కడిగింది: ముందు ముఖం, తర్వాత చేతులు, అలా. "నా అత్యుత్తమమైనది పోయింది" అని కూతురి గురించి ఏడిస్తే, నీ అత్యుత్తమం నువ్వే అంటాడు. ఆమె జవాబు "నేనా? నేనా?" అంతే. ప్రశ్న గుర్తుతో ముగిసింది.

మనిషిగా లెక్కలోకి రాని మనిషి తనను తాను క్షమించుకోవాలంటే, ముందు "తాను" అనేది ఒకటి ఉండాలి. నవల చివరికి ఆ మొదటి మెట్టు దగ్గరికి వచ్చింది.

వేపపుల్ల

ఈ ఒక్క నవలతోనే ఆగిపోకండి. తప్పు ఏ రకందో బట్టి నమూనా మారుతుంది.

ఆక్టేవియా బట్లర్ "కిండ్రెడ్" (1979) తీసుకోండి. 1976లో కాలిఫోర్నియాలో ఉండే డేనా, పందొమ్మిదో శతాబ్దపు మేరీల్యాండ్‌లోకి ఆరుసార్లు లాగబడుతుంది, రూఫస్ అనే తెల్ల పిల్లాడి ప్రాణం ఆపదలో పడినప్పుడల్లా. వాడు ఆమెకు పూర్వీకుడు. ఆలిస్ అనే స్త్రీకి వాడి వల్ల హేగర్ పుట్టాలి, లేకపోతే డేనా వంశమే లేదు. ఆలిస్‌ను తన్నులు లేకుండా పక్కకు రప్పించమని రూఫస్ డేనాను పంపిస్తాడు, డేనా వెళ్ళి ఆలిస్‌కు ఉన్న దారులు చెబుతుంది. తర్వాత పిల్లల్ని అమ్మేశానని రూఫస్ అబద్ధమాడితే ఆలిస్ ఉరేసుకుంటుంది. ఇది రంపం పట్టిన తప్పు కాదు, బతకడానికి మధ్యవర్తిత్వం చేసిన తప్పు. బట్లర్ దీనికి ఓదార్పు ఏమీ ఇవ్వదు, మూల్యం శరీరంలో కట్టిస్తుంది. చివరిసారి తిరిగొచ్చేటప్పుడు డేనా ఎడమ చెయ్యి, రూఫస్ పట్టుకున్న చోటి నుంచి, గోడలో ఉండిపోతుంది.

యా జాసీ "హోమ్‌గోయింగ్" (2016)లో అమ్మినవాళ్ళ వైపు తప్పు కూడా ఉంది. ఘనా తీరంలో ఒక అక్కచెల్లెళ్ళ జంట, ఒకరికొకరు తెలియదు. ఒకరు కేప్ కోస్ట్ కోటలో పైన గవర్నర్ భార్య, ఇంకొకరు కింద చీకటికొట్లో. అక్కణ్ణుంచి రెండు పాయల్లో వారసులు, మొత్తం 14 అధ్యాయాలు, ఒక్కొక్కరికి ఒకటి. అకువా అధ్యాయం తప్పనిసరి. నిద్రలో లేచి నిప్పు పెట్టి ఇద్దరు కూతుళ్ళను పోగొట్టుకుంటుంది, మిగిలిన కొడుకు యావ్ ముఖమంతా మచ్చ. దశాబ్దాల తర్వాత కొడుకు తల్లిని చూడ్డానికి వెళ్తాడు. ఆమె సంజాయిషీ చెప్పదు, ఆ నిప్పు తన కన్నా ముందు ఇంట్లో ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతుంది.

గేల్ జోన్స్ "కొరెగిడోరా" (1975) గురించి ఒక్క ముక్క. బ్రెజిల్‌లో బానిసత్వం 1888లో పోయింది, తర్వాత రికార్డులు తగలబెట్టారు. అందుకని అక్కడ బానిసత్వం చూసిన నాయిక ఇంటి ఆడవాళ్ళు పిల్లల్ని కని కథ అప్పగించడమే సాక్ష్యం అనుకుంటారు. నాయికకు పిల్లలు పుట్టే అవకాశం పోతుంది. ఇక తప్పు చేయకుండానే తప్పు మీదపడుతుంది.

మూడోఅంకం

"హోమ్‌గోయింగ్" ముగింపు నాకు సులువుగా అనిపిస్తుంది. నీళ్ళంటే భయపడే మార్కస్, నిప్పంటే భయపడే మార్జరీ, ఇద్దరూ కేప్ కోస్ట్ సముద్రంలో దిగడం, నల్లరాయి గొలుసు మెళ్ళో వెయ్యడం. రెండు పాయలూ కలవాలని లెక్క ముందే వేశారు. ఒక్కొక్కరికి ఒక్క అధ్యాయమే ఇచ్చాక తప్పు పండడానికి చోటు ఉండదు, వారసత్వంగా చేతులు మారుతుందంతే. అకువా దగ్గర మాత్రం ఆ కొరత కనిపించదు. ఆమె తన అధ్యాయంలోనే అయిపోకుండా కొడుకు అధ్యాయంలోకీ, మనవరాలి అధ్యాయంలోకీ వస్తుంది.

కాగితప్పడవ

ఇంకో ప్రశ్న. దీన్ని మన వైపుకి తెచ్చి రాయొచ్చా? దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళిన కూలీలు, తెలంగాణ వెట్టి... చాలామంది అమెరికా బానిసత్వంతో పోలుస్తారు.

చట్టుబండలు

నాటాల్‌ది వేరే చట్టం. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావాల్సివచ్చి పుట్టిన ఒప్పంద కూలీ పద్ధతి. మద్రాసు నుంచి "ట్రూరో" ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది, అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒప్పందం 5 ఏళ్ళు. మోసం, కొరడా, చావులు అన్నీ ఉన్నాయి, కానీ కడుపులో ఉన్న బిడ్డ పుట్టకముందే యజమాని ఆస్తి కాదు. సెథా చేసిన పనికి కారణం సరిగ్గా ఆ నిబంధనే. తల్లి హోదాయే బిడ్డ హోదా అన్నది వర్జీనియాలో 1662లోనే చట్టమైంది. అది లేని చోట ఈ కథను దింపితే, తల్లి చేసిన పనికి ఆధారం ఊడిపోతుంది.

వెట్టి విషయంలో నా అభిప్రాయం వేరు. అక్కడ ఎక్కువ రాయాల్సినవాళ్ళు గడీ వారసులు. దొరసాని పెళ్ళికి కట్నంతోబాటు ఆడబాపను, అంటే దాసిని, పంపిన ఇంట్లో పుట్టిన మనిషి, ఆ ఇంటి పొలం అమ్మిన డబ్బుతో చదువుకున్న మనిషి. ఆ కథకు సెథా నమూనా పనికిరాదు, "కిండ్రెడ్" కొంత పనికొస్తుంది. డేనా భర్త కెవిన్ తెల్లవాడు, ఆ కాలంలో ఐదేళ్ళు ఇరుక్కుంటాడు, మంచివాడిగానే ఉంటాడు, అయినా అక్కడ అతనికి కుర్చీ దొరుకుతుంది, ఆమెకు దొరకదు. లాభపడినవాడి తప్పును అలా చూపించాలి. అతను కన్నీళ్ళు పెట్టుకుంటే పేజీ అతనిదైపోతుంది.

కుంపటి

రాయబోయేవాళ్ళు ఎక్కువగా జారేది ఆ కన్నీళ్ళ దగ్గరే. చనిపోయినవాళ్ళు ఉత్తరంలోనో కలలోనో వచ్చి "నీ తప్పేం లేదమ్మా" అనే సీను రాస్తారు. ఆ మాట రాసినవాడి సౌకర్యం. చచ్చినవాళ్ళ నోట్లో మనకు కావాల్సిన మాట పెట్టడం ఇంకో దోపిడీ. బిలవెడ్ ఆ మాట ఎప్పుడూ అనదు, గమనించండి.

ఇంకొకటి, హింసను ఒకేసారి మొత్తం కుమ్మరించడం. స్కూల్‌టీచర్ మేనల్లుళ్ళు తన రొమ్ముపాలు లాక్కున్న సంగతి సెథా మొదట్లోనే చెబుతుంది, అయితే భర్త హాలీ పైనుంచి చూస్తున్నాడన్నది చాలా తర్వాత పాల్ డి నోట వస్తుంది. ఒకే గాయం, రెండు మోతాదులు. రెండోది వచ్చేదాకా భర్త రాలేదని సెథాకు కోపం. వచ్చాక ఆ కోపం పెట్టుకోవడానికి చోటుండదు, అతను పిచ్చివాడై ముఖానికి వెన్న పూసుకున్నాడని తెలిశాక.

తీర్పు చెప్పే పాత్రకు సొంత లెక్క ఒకటి ఉండాలి, ఎల్లాకు ఉన్నట్టు. లేకపోతే పంచాయతీ పెద్ద మాటల్లా ఉంటాయి.

గట్టుమీదకొంగ

చదువరుల బృందంలో పెట్టాలంటే ఎలా విడగొట్టాలి? మొదటి 50 పేజీల్లోనే సగం మంది దిగిపోతారు.

వేపపుల్ల

నాలుగు కూర్చోవడాల్లో చెయ్యొచ్చు. మొదటిదానికి పాల్ డి రాక నుంచి బిలవెడ్ చెట్టు మొద్దు మీద కూర్చుని కనబడేదాకా. కాలం 1873కీ 1855కీ మధ్య ఊగుతుంది కాబట్టి ముందే ఒక కాగితం మీద ఈ రెండేళ్ళూ, స్వీట్ హోమ్ మనుషుల పేర్లూ రాసి పంచండి. ముగ్గురు పాల్‌లు ఉన్నారు, అక్కడే తికమక. రెండోదానికి కొట్టం అధ్యాయం ముందు వరకు. మూడోసారి కొట్టం నుంచి రెండో భాగం చివరి దాకా, ఇది బరువైన వారం, చర్చకు సమయం ఎక్కువ ఉంచండి. నాలుగోసారి మూడో భాగం. చిన్నది, ఒక్క సాయంత్రం చాలు.

బేబీ సగ్స్ అడవి మధ్య చేసే ప్రసంగం, మీ చేతుల్ని ప్రేమించుకోండి అనేది, పైకి చదివించండి. రెండో భాగంలో బిలవెడ్ ఒక్కతే మాట్లాడే అధ్యాయం విరామచిహ్నాలు లేకుండా, మధ్యమధ్య ఖాళీలతో ఉంటుంది. బానిస ఓడ అడుగు జ్ఞాపకాలు అందులోకి వచ్చి కలుస్తాయి. కళ్ళతో చదివితే చాలామందికి పట్టు దొరకదు. మారిసన్ తన గొంతుతోనే మొత్తం నవల చదివిన ఆడియో ఉంది. ఆ అధ్యాయం అందులో పెట్టండి, ఖాళీ ఉన్న చోట ఆవిడ ఎంతసేపు ఆగుతుందో వినిపిస్తుంది.